మందు కొట్టినవాడు

బహ్రెయిన్ వెళ్ళి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి కలిసినవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు, బంగారం ఏమైనా తెచ్చావా అని. తేలేదు. కోపం తెచ్చాను. దాని మీద సుంకం లేదు కాబట్టి కస్టమ్స్ వాళ్ళు ఆపలేదు.

అక్కడి తెలుగు సంఘం వాళ్ళు నన్ను పిలిచింది మద్యపానం మీద ఉపన్యాసానికి. మన రాష్ట్రంలో ఇప్పుడు నిషేధం నడుస్తోంది కదా. సారా వ్యతిరేక ఉద్యమంలో ఊరూరా తిరిగి వాదించినవాణ్ణి గనుక, క్యాంపుల్లో ఉండే కూలీలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. సరే అన్నాను. కానీ నా వాదం మంచి మాటల వాదం కాదు. తాగుడు పాపమని నేనెప్పుడూ అనలేదు. పాపమన్నవాడు తాగినవాణ్ణి కొట్టడానికి చెయ్యెత్తుతాడు, తాగించినవాడి జోలికి పోడు. నేనడిగేది ఎవరు తాగిస్తున్నారు, ఎవరి పొయ్యి ఆరిపోతోంది అని. ఈ తేడా ఆహ్వానించినవాళ్ళకు తెలిసినట్టు లేదు.

ముహర్రఖ్ నుంచి మనామాకు

విమానాశ్రయంలో మొదటి అపశ్రుతి ఆవకాయ వల్ల. మా ఆవిడ సంఘం వాళ్ళకోసమని కట్టి ఇచ్చిన డబ్బా దారిలో కారి, నా ఉపన్యాసం కాగితాల్లో సగం ఎర్రగా మారింది. పెట్టె తెరిచిన ఉద్యోగి వేలితో నూనె తాకి, వాసన చూసి, తుమ్మి, నన్ను వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపాడు. అంత త్వరగా బయటపడ్డ ప్రయాణికుణ్ణి నేనేనేమో.

సంఘం కార్యదర్శి ప్రభాకరరావు కారుతో వచ్చాడు. తెనాలి ప్రాంతం మనిషి, ఇంజినీరు, వచ్చి పదిహేనేళ్ళు దాటింది. మంచి ఆతిథ్యం తెలిసినవాడు. విమానాశ్రయం ఉన్న ముహర్రఖ్ దీవి నుంచి రాజధాని మనామాకు సముద్రం మీదుగా వంతెన. రెండు పక్కలా నీళ్ళు పలచటి ఆకుపచ్చగా ఉన్నాయి. మన కృష్ణ కాలవలో ఎండాకాలం అడుగున మిగిలే నీటి రంగు.

సాయంత్రం నేనొక్కణ్ణే పాత బజారులో తిరిగాను. బంగారం కొట్ల వెనక సందులో మలయాళీ టీ దుకాణం. గాజు గ్లాసులో చిక్కటి టీ యాభై ఫిల్సులు. పక్కన నిలబడి తాగుతున్న ఒకాయన నా మాట వినగానే తెలుగులోకి దిగాడు. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి ఇళ్ళు కట్టే పనిలో ఉన్నాడు.

"దుబాయికొచ్చి ఆరేండ్లాయె సారూ."

"ఇది బహ్రెయిన్ కదయ్యా?"

"మీకు బహ్రెయిన్. మా అవ్వకు సౌదీ దుబాయే, మస్కట్ దుబాయే, గిదీ దుబాయే. మబ్బుల దిక్కు విమానం పోతే చాలు, మా కొడుకు దుబాయికే పోతుండంటది."

నవ్వాం. టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు, ఎంత చెప్పినా వినలేదు.

హోటల్లో లెబనాన్ కొండలు

మర్నాడు గురువారం. అక్కడ శుక్రవారం సెలవు, కాబట్టి గురువారం సాయంత్రానికి ఊరు సడలుతుంది. ప్రభాకరరావు నన్నొక పెద్ద హోటల్‌కు తీసుకెళ్ళాడు. ఆ వారం అక్కడ లెబనాన్ వంటల ఉత్సవం. బల్లల మీద ద్రాక్ష తీగలు పరిచి, గోడలకు మంచుకొండల బొమ్మలు వేలాడదీశారు. అతిథుల కోసం లెబనాన్ వైన్ రకరకాల సీసాల్లో. మద్యపాన వ్యతిరేక ఉపన్యాసకుణ్ణి ముందురోజు సారాయి విందుకు తీసుకెళ్ళడంలో తప్పేమీ ప్రభాకరరావుకు కనిపించలేదు.

"ఇది సారా కాదు మాస్టారూ, వైన్," అన్నాడు.

సీసాకు మెడ పొడుగుంటే సంస్కృతి. ముంతలో పోస్తే తాగుడు. ఈ సిద్ధాంతాన్ని నేను బందరులో విన్నాను, హైదరాబాదులో విన్నాను. సముద్రం దాటితే మారుతుందనుకోవడం నా అమాయకత్వం.

అక్కడ మాట్లాడినవాడి పేరు ఇలియాస్. అరవై దగ్గరపడుతున్న లెబనాన్ మనిషి. ఊరి పడమటి దిక్కున బుదయ్య దారిలో ఒక ధనవంతుడి తోటకు పెద్ద. పగలు అక్కడ ద్రాక్ష పందిరి చూసుకుంటాడు, ఆ వారం హోటల్ వాళ్ళు పిలిస్తే వచ్చి తన కొండల గురించి చెబుతున్నాడు. ఇంగ్లీషులోనే అయినా చక్కగా చెప్పాడు, ఆ మాట దాచను. రెండు పర్వత శ్రేణుల మధ్య ఎత్తైన లోయ. ఒక పక్క నుంచి సముద్రపు గాలిని కొండ ఆపేస్తుంది, రెండో పక్క నుంచి ఎడారి వేడిని ఇంకో కొండ ఆపేస్తుంది. శీతాకాలమంతా మంచు, వేసవిలో వానచుక్క పడదు. వాలు మీద రాతికట్టలు మెట్లుగా పేర్చి, ఆ మెట్ల మీద తీగలు పెంచుతారు. వాళ్ళ ముత్తాతల ముందునుంచీ అదే పని. యుద్ధం నడిచిన ఏళ్ళలో కూడా కోత ఆపలేదట. ఒకసారి కాపలా చౌకీల మధ్య లారీలు ఆగిపోతే గుత్తులు లారీలోనే పులిసి, రసం రోడ్డు మీద కారిందట.

"ఆ వాసనకు రెండు పక్షాల సైనికులూ తుపాకులు దించారు," అన్నాడు ఇలియాస్. అంతా నవ్వారు.

నేనడిగాను. "గుత్తులు కోసేదెవరు?"

"గుడారాల వాళ్ళు. కోతకు వస్తారు, అయిపోగానే పోతారు."

"వాళ్ళ పేర్లు సీసా మీద వేస్తారా?"

ప్రభాకరరావు బల్ల కింద నా కాలు తొక్కాడు. ఇలియాస్ మాత్రం కోపగించుకోలేదు. నా పళ్ళెం వైపు చూసి పకపకా నవ్వాడు. ద్రాక్షాకుల్లో అన్నం, మాంసం పెట్టి చుట్టిన చుట్టలు వడ్డించారు. నేను ఒక్కొక్కటే విప్పి, లోపలిది తిని, ఆకులన్నీ మడిచి పళ్ళెం అంచున పెట్టాను. ఆకుతో సహా తినాలట. ఆకులో పెట్టింది తిని ఆకు పారేసే జాతి మాదని చెప్పుకున్నాను. ఇలియాస్‌కు ఆ జవాబు నచ్చి, మర్నాడు పొద్దున తోట చూడటానికి రమ్మన్నాడు.

బుదయ్య దారిలో పందిరి

బహ్రెయిన్ అంతా ఇసుకే అనుకునేవాళ్ళు ఆ దారిలో వెళ్ళాలి. ఖర్జూరపు చెట్లు, వాటి నీడలో గడ్డి, గడ్డిలో బోరు నీటి కాలవలు. ఇలియాస్ ద్రాక్ష పందిరి గోడ లోపల ఒక వీధంత పొడుగుంది. వైన్ కోసం కాదు, యజమాని బల్ల మీదికి. ఆ సాయంత్రం అతిథులు వస్తున్నారని కాలిబాటలన్నీ కడిగించారు. కాయలు అప్పుడప్పుడే రంగు తిరుగుతున్నాయి. తొమ్మిది దాటకుండానే ఎండ పేలుతోంది, గాలన్నది లేదు.

ఇలియాస్, ప్రభాకరరావు నీడలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను పందిరి కింద నడుస్తూ ఒక గుత్తి మీద చెయ్యి వేశాను.

"తెంపకండి బాబుగారూ."

కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్న ఆవిడ లేచి నిలబడింది. పేరు సత్యవతి, అమలాపురం దగ్గర పల్లెటూరు. ఆ ఇంట్లో వంటపని.

"పొద్దున్నే మందు కొట్టారండి. చెయ్యి కడుక్కోండి ముందు. ఆ చేత్తో కళ్ళు నులుముకున్నారంటే రేపటిదాకా మంటే."

చేతులు కడుక్కున్నాను. సబ్బు కూడా ఇచ్చింది. ఎన్నాళ్ళయింది వచ్చి అంటే, "చిన్నోడికి పాలు మాన్పించి వచ్చానండి, ఇప్పుడు బళ్ళోకెళ్తున్నాడంట" అంది. తిరిగి కుర్చీల దగ్గరికి వచ్చేసరికి ఇలియాస్ ఇంట్లోంచి విసురుగా వస్తున్నాడు. ప్రభాకరరావు మొహం మాడిపోయి ఉంది.

"మీ ఉపన్యాసానికి ఉదాహరణ ఇక్కడే దొరికింది మాస్టారూ. పొద్దున్నే ఒకడు తాగి పడిపోయాడట. మన తెలుగువాడే. నా పరువు తీశాడు."

"ఎవరు చెప్పారు?"

"వాడి తోటివాడే పరిగెత్తుకొచ్చి చెప్పాడు. రాజన్న అట ఆ పడిపోయినవాడి పేరు."

"ఏమన్నాడు? అన్న మాట అన్నట్టే చెప్పండి."

"మందు కొట్టి పడిపోయిండు సారూ అన్నాడు. ఇంతకంటే ఎలా చెప్పాలి? అదే ఇలియాస్‌కు ఇంగ్లీషులో చెప్పాను, తాగి పడిపోయాడని. ఆయన ఖలాస్ అన్నాడు. ఇప్పుడే యజమానికి ఫోన్ చేసి వచ్చాడు. విమానం ఎక్కించేస్తారు."

నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"మీ నాన్నగారు ఏం చేసేవారు?"

"అదేం ప్రశ్న? వ్యవసాయం."

"పొలానికి మందు కొట్టి ఆయన ఇంటికొస్తే, మీ అమ్మగారు ఏమనేవారు?"

ప్రభాకరరావు కుర్చీలోంచి లేచాడు. పదిహేనేళ్ళ చల్లగదుల్లో ఆయన తెలుగులోంచి పొలం ఊడిపోయింది. మందు కొట్టడమంటే ఆయనకు మిగిలింది సీసా ఒక్కటే.

షెడ్డు వెనక్కి నడిచాం. రాజన్నను నేల మీద గోనెసంచి పరిచి పడుకోబెట్టారు. పక్కన లింగన్న అనే అతను తడిగుడ్డతో మొహం తుడుస్తున్నాడు. రాజన్న నోటివెంట చొంగ ఆగకుండా కారుతోంది. కంటిపాపలు ఆవగింజలంత అయ్యాయి. తొడల కండరాలు వాటంతటవే అదురుతున్నాయి. గుంటూరు పత్తి చేలల్లో ఈ లక్షణాలు నేను చూశాను. అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు ఇది ఏమిటో. మనిషి ఒంటినుంచి వస్తున్న వాసన కూడా అదే, వెల్లుల్లి కుళ్ళినట్టు.

"ఏం తాగుడు సారూ?" అన్నాడు లింగన్న. "పొద్దుగాల సంది చెట్లకు మందు గొట్టిండు. పంపు కారుతున్నది, ఈపంత తడిసింది. కక్కిండు, పడ్డడు. గదే జెప్పిన. గీ సారేమో ఇంగిలీసుల ఏందో జెప్పె. గా పెద్దాయనేమో నన్నే తిట్టవట్టె."

ప్రభాకరరావు నన్ను పక్కకు లాగాడు. "ఆస్పత్రికి మనం తీసుకెళ్దాం. కానీ ఇప్పుడు మాట మారిస్తే ఇలియాస్ ఏమనుకుంటాడు? నాకు తెలుగు రాదనుకోడూ?"

ఒక ప్రాణం గోనెసంచి మీద కొట్టుకుంటుంటే ఈ మనిషికి తన అనువాదం పరువు అడ్డొచ్చింది. నేనాయన్ని దాటి వెళ్ళి, నాకు వచ్చిన ఇంగ్లీషులో ఇలియాస్‌కు చెప్పాను. వైన్ కాదు, సారా కాదు. స్ప్రే, పాయిజన్. రెండు మాటలు చాలాయి. ఆ ముసలివాడి మొహంలో రక్తం ఇంకిపోయింది. యల్లా, యల్లా, పదండి పదండి అంటూ తనే వంగి రాజన్నను చేతుల మీద ఎత్తుకున్నాడు. బండి తనే నడిపాడు.

ఆస్పత్రి వరండా

డాక్టరు విరుగుడు సూది వేశాడు, మళ్ళీ వేశాడు. ఇంకాసేపు ఆ షెడ్డులోనే ఉంచి ఉంటే ఊపిరి ఆగేదన్నాడు. తాగి పడినవాణ్ణి ఎక్కడ ఉంచుతారు మరి? షెడ్డులోనే. మత్తు దిగేదాకా.

వరండాలో బల్ల మీద ఇలియాస్ తల పట్టుకుని కూర్చున్నాడు. నేను జాలిపడలేదు.

"మీ కొండల్లో మందు ఎలా కొడతారు?"

"గంధకం, మైలుతుత్తం. తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడు. గాలి ఎటు వీస్తోందో చూసి. మొహానికి గుడ్డ కట్టుకుని."

"ఇక్కడ?"

"ఇక్కడ పురుగు ఎక్కువ. మందు ఘాటైనది. సాయంత్రం అతిథులొస్తున్నారు, ఆకు మీద ఒక్క మచ్చ ఉండకూడదన్నారు."

"గుడ్డ?"

"వాళ్ళు అడగలేదు," అన్నాడు.

అతన్ని ఇక్కడ రాక్షసుణ్ణి చేయదలచుకోలేదు. చేస్తే సులువు. నేను చెప్పేది వేరు. ముప్పై నలభై ఏళ్ళు తీగల మధ్య బతికినవాడు, పందిరి కింద మనిషి పడిపోయాడంటే మొదట అడగవలసిన ప్రశ్న ఏది? పొద్దున మందు కొట్టమన్నది తనే. పంపు ఎలా ఉందో చూడవలసినదీ తనే. అయినా 'తాగాడు' అన్న మాట చెవిన పడగానే ఎందుకంత హాయిగా నమ్మాడు? ఆ మాట ఆయన మీద నుంచి బరువు దించింది కాబట్టి. ప్రభాకరరావు ఎందుకు నమ్మాడు? కూలివాడంటే తాగుబోతే అన్న ఊహ ఆయన జేబులో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది కాబట్టి. ముందురోజు సాయంత్రం ఆయన మూడు రకాల సీసాలు రుచి చూశాడు. ఆయన్నెవరూ ఏ విమానమూ ఎక్కించలేదు. పొరపాట్లు గుడ్డివని అంటారు. కావు. ఎప్పుడూ బలహీనుడి మీదే పడే పొరపాటుకు కళ్ళు బాగానే కనిపిస్తాయి.

ఇలియాస్ వరండాలోని ఫోన్ దగ్గరికి వెళ్ళి యజమానితో మాట్లాడాడు. తిరిగొచ్చి చెప్పాడు, రాజన్నను పంపించరు, నయమయ్యాక పనిలోకి రావచ్చని. యజమాని క్షమాపణ లాంటిది ఏమైనా అన్నాడా అని అడిగాను. ఆ ప్రశ్న ఆయనకు అర్థం కాలేదు.

సభ

ఆ సాయంత్రం సభకు హాలు నిండింది. క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చారు, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని. కార్యదర్శి నన్ను పరిచయం చేస్తూ పొద్దుటి సంగతి ఎత్తలేదు. నేను ఎత్తాను. ఆవకాయ నూనె పీల్చిన కాగితాలు పక్కన పెట్టి, మందు అన్న మాటకు తెలుగులో ఎన్ని అర్థాలున్నాయో వాళ్ళనే చెప్పమన్నాను. రోగానికి వేసేది, పైరుకు కొట్టేది, గొంతులో పోసుకునేది. "తూటాల పోసేది గూడ" అన్నాడు వెనక వరసలోంచి ఒకడు. ఇన్నింటిలో మీ గురించి మాట్లాడేటప్పుడు పెద్దలకు ఒక్క అర్థమే ఎందుకు గుర్తొస్తుందో ఆలోచించండి అన్నాను.

అప్పుడు లింగన్న లేచాడు.

"సారూ, నౌకరి నిలవడ్డదన్నరు, మంచిదే. గని పొద్దున మా తోటలున్నోడే ఒకడు ఊరికి ఫోన్ గొట్టిండు. రాజన్న తాగి పడ్డడు, ఎల్లగొడుతున్నరు అని. రాజన్న పెండ్లాం లచ్చవ్వ మా ఊర్ల సారా దుకాణం పలగ్గొట్టినోళ్ళల్ల ముందలున్న మనిషి. ఇప్పుడు గామె ముంగట ఊరు నవ్వుతది. గా మాట ఎవలు వాపస్ తీస్తరు?"

నేను మైకు ప్రభాకరరావు వైపు జరిపాను. ఆయన నీళ్ళు తాగి, సభ్యుల సమస్యలను కార్యవర్గం పరిశీలిస్తుందని చెప్పాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఫోన్ కొట్టు

శనివారం పొద్దున ఆస్పత్రికి వెళ్ళాం. రాజన్న దిండుకు ఆనుకుని కూర్చున్నాడు, చేతులు ఇంకా వణుకుతున్నాయి. నలభై లోపు మనిషి, సన్నగా, నవ్వితే పళ్ళన్నీ కనిపిస్తాయి. ఆ పొద్దున నవ్వలేదు.

"ఉద్యోగం ఉందయ్యా, ఇంక దిగులెందుకు?" అన్నాడు ప్రభాకరరావు.

"నౌకరి ఉంటే ఉండె, పోతే పాయె సారూ. తాగిండన్న మాట ఊర్ల తిరుగుతున్నది. నేను ఫోన్ జేసి తాగలేదంటే, తాగినోడు తాగిన్నని అంటడా అంటరు. అన్నోళ్ళే గాదనాలె."

"నేను ఊరికి అన్లేదు కదా."

"మీ నోట్లకెళ్ళే గదా సారూ పోయింది."

ప్రభాకరరావు చెడ్డవాడు కాదు. సిగ్గుపడటం ఆలస్యంగా నేర్చుకుంటున్నవాడు. వెళ్దాం పదండి అన్నాడు.

పాత బజారులో ఫోన్ కొట్టు. ఇలియాస్ కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. ఊళ్ళో ఫోన్ ఉన్న కిరాణాకొట్టాయన పావుగంట ఆగి చేయమన్నాడు, మనిషిని పంపి లచ్చవ్వను పిలిపిస్తానని. ఆగాం. మళ్ళీ కలిపారు. మాటలు బయటకు వినిపించేట్టు ఉంది ఆ యంత్రం, అందరికీ వినపడుతోంది.

"అమ్మా, నేను బహ్రెయిన్ నుంచి, తెలుగు సంఘం కార్యదర్శిని. మీ ఆయన తాగలేదమ్మా. ద్రాక్ష చెట్లకు మందు కొడుతుంటే వీపున ఉన్న పంపు కారి, ఒంటికి పట్టి పడిపోయాడు. తాగాడని చెప్పింది నేను. నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. ఇప్పుడు బాగున్నాడు. ఈ మాట మీ ఊళ్ళో అందరికీ చెప్పండి."

అటునుంచి గరగర. తర్వాత ఆమె గొంతు, తొణకకుండా.

"తాగలేదని నాకెర్కే సారూ. నిన్న జెప్పినోనికి గూడ గదే జెప్పిన. ఊరోళ్ళకు నేనే జెప్పుకుంట. బతికిండు గదా?"

"బతికాడమ్మా. రేపో ఎల్లుండో ఇంటికి, అదే, క్యాంపుకు పంపిస్తారు."

"మంచిది. మరి గా కారే పంపు ఈపుకు గట్టి మందు గొట్టిచ్చినోనికి ఏం శిచ్చ ఏసిన్రు?"

ప్రభాకరరావు ఇలియాస్ వైపు చూశాడు. ఇలియాస్‌కు తెలుగు రాదు, అయినా ఏమడిగిందని నన్ను అడగలేదు. నేల చూస్తున్నాడు.

"సారూ, ఇనవడుతుందా?" అంది లచ్చవ్వ.

ప్రభాకరరావు రిసీవర్ నా చేతికివ్వబోయాడు. నేను తీసుకోలేదు.